ఆవని గుళ్లు కట్టిందెవరు?

ప్రశ్న: మేం వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. దసరా సెలవుల్లో ముళబాగిలు దగ్గరున్న ఆవని వెళ్దామనుకుంటున్నాం. అక్కడి గుళ్లు రాముడూ తమ్ముళ్లూ ప్రతిష్ఠించారని మా అత్తగారు అంటారు. కాదు, చోళులు కట్టారని మావారు. ఆరో క్లాసు చదివే మా వాడు స్కూల్ ప్రాజెక్టులో ఏం రాయాలండీ? అత్తగారు కొండెక్కగలరా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇద్దరికీ చెరో ముప్ఫై అయిదు మార్కులు వేసి పాస్ చేసేద్దాం తల్లీ.

కట్టింది నొళంబులు, 10వ శతాబ్దంలో. వాళ్ల రాజధాని హేమావతి, ఇవాళ ఆంధ్రలోనే, మడకశిర దాటాక వస్తుంది. మాది ఆ వైపే కాబట్టి ఈ మాట చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వం. 11వ శతాబ్దానికి కోలారు సీమ చోళుల చేతికి పోయింది. వాళ్లూ ఈ గుళ్లకు మరమ్మతులు చేయించారు. మీవారికి మార్కులు అందుకే.

ఇక అత్తగారి మాట. కింద ఊళ్లోని శివాలయాల పేర్లే రామలింగేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర. కొండ మీద సీతమ్మ గుడి. వాల్మీకి ఆశ్రమం అక్కడేననీ, లవకుశులు పుట్టింది అక్కడేననీ ఊరివాళ్ల నమ్మకం. అక్కడ నిలబడి ఆవిడతో తేదీల గొడవ పెట్టుకోకండి.

మీ వాడికి మాత్రం త్రిభువనకర్తర గురించి చెప్పండి. ఆయన రాజు కాదు, శైవ గురువు. కలియుగ రుద్రుడని బిరుదు. నలభై ఏళ్లు ఆవని స్థానాన్ని, అంటే అక్కడి శైవ పీఠాన్ని, ఏలి, యాభై గుళ్లు కట్టించి, రెండు పెద్ద చెరువులు వేయించాడని 961 నాటి శాసనం చెబుతోంది. గుళ్ల సంగతి అటుంచండి, పెద్ద నది లేని ఆ సీమలో రెండు చెరువులంటే మాటలా! నేనైతే ప్రాజెక్టంతా ఆయన మీదే రాయిస్తాను.

శాసనాలు చూడ్డానికి ఫోన్ టార్చ్ చాలు. ఎదురుగా పట్టుకుంటే రాయి తెల్లగా మెరుస్తుంది తప్ప ఏమీ కనబడదు. రాతికి ఆనించినట్టు పక్కనుంచి వెయ్యాలి. గీతల్లోకి నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. పాత కన్నడ లిపి, మన లిపి అప్పట్లో ఇంచుమించు ఒకటే కాబట్టి, కూడబలుక్కుంటే మీ వాడికి కూడా రెండు మూడు అక్షరాలు తగులుతాయి. చాలా శాసనాలు ‘స్వస్తి శ్రీ’తో మొదలవుతాయి, అది వెతకమనండి. కనబడ్డం కోసం సుద్దముక్క, పిండి మాత్రం రుద్దొద్దు.

కొండంటారా, మెట్లున్నా బోడి బండ, నీడ తక్కువ. ఒకసారి నేను మే నెలలో, పదకొండింటికి, చెప్పులు కిందే వదిలేసి ఎక్కాను. దిగేటప్పుడు అరికాళ్లు మండిపోయి తువ్వాలు రెండు ముక్కలు చేసి కాళ్లకి చుట్టుకున్నాను. ఊళ్లో పిల్లలకి మంచి కాలక్షేపం. మీరు ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే కిందే లక్ష్మణేశ్వర గుళ్లో కూర్చోబెట్టండి. గోడల మీద చెక్కడం ఎక్కువగా ఉన్నది అక్కడే. పైకప్పులో ఉమామహేశ్వరులు, చుట్టూ దిక్పాలకులు. మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే కూర్చుని చూడ్డమే నయం.

భాష గురించి బెంగ అక్కర్లేదు, ఆ చుట్టుపక్కల తెలుగు బాగానే నడుస్తుంది. తిరుగు దారిలో ముళబాగిలులో దోసె తినండి. పేరున్న దోసె, రెండు చెప్పండి.