మ్యూజియంలో మనిషి ఎముకలు, మమ్మీలు పెట్టి చూపించడం తప్పు కాదా?

అన్నిటికీ ఒకే జవాబు ఉండదు. అవి ఎవరివి, ఎలా వచ్చాయి, మావాళ్లవని అడిగేవాళ్లు ఉన్నారా అన్నది చూడాలి.

2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో కొమ్ములు తగిలించిన నాగా పుర్రెను వేలానికి పెట్టారు. నాగాలాండ్ ముఖ్యమంత్రే అభ్యంతరం చెప్పడంతో వెనక్కి తీసుకున్నారు. అమెరికాలోనైతే మూలవాసుల ఎముకలు వాళ్ల తెగలకు తిరిగివ్వాలని 1990లోనే చట్టం వచ్చింది. అడిగేవాళ్లుంటే ఇచ్చేయాల్సిందే, నా దృష్టిలో ఇందులో చర్చే లేదు.

చిక్కంతా అడిగేవాళ్లు లేనప్పుడే. ములుగు జిల్లా దామరవాయి గుట్ట మీద రాకాసి గూళ్లు ఉన్నాయి కదా, నాలుగు వైపులా బండలు నిలబెట్టి పైన పెద్ద రాతి పలక కప్పినవి. పేరుకే రాకాసి, అవి ఇనుప యుగం మనుషుల సమాధులు. వాళ్ల వారసులెవరో తేల్చలేం. అయితే మనమూ పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చేవాళ్లమే! అందుకే ఇలాంటి చోట దొరికిన ఎముకల్ని పరిశోధనకు దాచడం సరే గానీ, చూపించడానికి నకలు చాలు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ సంగతి వేరు, అది 1930 నుంచీ అక్కడే ఉంది. వరంగల్ నుంచి స్కూల్ టూర్‌కు వెళ్లినప్పుడు మేమంతా అద్దానికి ముక్కులు ఆనించి చూశాం. అదొక అమ్మాయి శవం అని మాకెవరూ చెప్పలేదు. కనీసం ఆ మాట చెప్పి లోపలికి పంపాలి, సెల్ఫీలు ఆపాలి.