టెక్ సందేహాలు: తొక్కుడుబిళ్ల ఆడే పాప గాల్లో తేలుతోంది!

ప్రశ్న: ఆరేళ్ల పాప తొక్కుడుబిళ్ల ఆడుతున్నట్టు క్రిటాలో (కంప్యూటర్‌లో బొమ్మలు గీసి కదిలించే ఉచిత సాఫ్ట్‌వేర్) బొమ్మలు గీస్తున్నాను. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచుతున్నాను. పాప గాల్లో ఉన్నప్పుడు 8 బొమ్మలు వచ్చాయి. విడిగా చూస్తే ప్రతి బొమ్మా బాగుంది. ప్లే చేస్తే మాత్రం గెంతినట్టు లేదు, బుడగలా తేలుతోంది. పైగా చిన్నపిల్లలా కాక పొట్టిగా ఉన్న పెద్దమనిషిలా కనిపిస్తోంది. (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు తేలడం సంగతి. రెండేసి ఫ్రేముల చొప్పున 8 బొమ్మలంటే 16 ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండొంతులు. అంతసేపు గాల్లో ఉండాలంటే నడుము అర మీటరుకు పైగా లేవాలి. అది వాలీబాల్ ఆటగాడి ఎగురు. ఒంటికాలి మీద కుంటే పిల్ల నడుము 10 నుంచి 15 సెంటీమీటర్లు లేస్తే గొప్ప. 10 సెంటీమీటర్లకు గాల్లో ఉండేది సుమారు 7 ఫ్రేములు, 15కు 8 ఫ్రేముల పైచిలుకు. కాబట్టి 8 ఫ్రేములకు మించనివ్వకండి.

ఇక బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉండే ఎడం. రెండు బొమ్మల మధ్య ఇంకోటి గీయాల్సి వస్తే చెయ్యి తనంతట తాను సరిగ్గా మధ్యకే పోతుంది. గెంతులో అదే కొంప ముంచుతుంది. నేల వదిలినప్పటి నుంచి శిఖరానికి చేరేలోగా సగం సమయం గడిచేసరికి శరీరం సగం కాదు, ముప్పావు ఎత్తు ఎక్కేసి ఉంటుంది. మిగతా పావు ఎత్తుకే మిగతా సగం సమయం పడుతుంది. దిగేటప్పుడు ఇదే తిరగబడుతుంది. ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే నడుము వరుసగా 0, 11, 15, 11, 0 దగ్గర ఉండాలి. అడ్డంగా చూస్తే మాత్రం ఎడం సమానమే. ఈ ఐదు చుక్కలనూ వేరే లేయరు (బొమ్మ మీద పరిచే పారదర్శక పొర) మీద ముందుగా పెట్టుకుని, వాటి మీద నడుము కూర్చునేలా బొమ్మ గీయండి.

మొత్తం గెంతును ఇలా పరుచుకోండి. 1వ ఫ్రేములో ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. 3, 5లో మోకాలు వంచి కుంగుతుంది. 7లో కాలు బాగా చాచి బొటనవేలు మాత్రం ఇంకా నేల మీదే ఉంటుంది. 9 ముప్పావు ఎత్తు, 11 శిఖరం, 13 మళ్లీ ముప్పావు, 15లో పాదం నేలను తాకుతుంది. ఇక్కడ ఒక్క చోట రెండేసి ఫ్రేముల లెక్క వదిలెయ్యండి: 15వ బొమ్మను ఒక్క ఫ్రేమే ఉంచి, 16లోనే మోకాలు పూర్తిగా వంగిన బొమ్మ పెట్టి 18 దాకా నిలపండి. బరువు దిగిందని కంటికి తెలిసేది ఆ ఒక్క ఫ్రేము తేడాతోనే. 19లో తూలుతూ లేస్తుంది, 21 నుంచి తర్వాతి గెంతు. ఆగకుండా గడి నుంచి గడికి గెంతుతుంటే 16వ బొమ్మే తర్వాతి గెంతుకు కుంగుడు అవుతుంది. అప్పుడు పాదం నేల మీద ఉండేది 6 ఫ్రేములు చాలు.

రెండో తప్పు కొలతల్లో కొంత, బరువు మోసే తీరులో ఎక్కువ. ఆరేళ్ల పిల్ల ఎత్తు తన తల ఎత్తుకు ఐదున్నర, ఆరు రెట్లుంటుంది. పెద్దవాళ్లది ఏడు, ఏడున్నర. ఆ లెక్క చాలామంది సరిగానే వేస్తారు. వేసి, కదలిక మాత్రం పెద్దవాళ్లది తగిలిస్తారు. పిల్లలకు తల పెద్దది కావడంతో బరువు పైభాగంలో ఉంటుంది. ఒంటికాలి మీద దిగగానే ఆ బరువును పాదం మీదికి తెచ్చుకోవడానికి ఒళ్లంతా పనిచేస్తుంది. నడుము ఆగిన రెండు ఫ్రేములకు గానీ తల ఆగదు. ఆగేముందు ఒక వైపు ఎక్కువ వాలి, వెనక్కి వచ్చి, అప్పుడు కుదురుకుంటుంది. పెద్దవాళ్లు ఒక్క సర్దుబాటుతో నిలబడే చోట పిల్లలకు రెండు మూడు కావాలి. మీ పాప దిగగానే రాయిలా నిలబడిపోతోందంటే అందుకే పెద్దమనిషిలా ఉంది.

చేతులు రెండూ ఒకేలా ఊపకండి, బడిలో డ్రిల్లులా ఉంటుంది. తూలే వైపుకు ఎదురుగా ఒక చెయ్యి బారుగా చాచండి, రెండోది గౌను అంచు పట్టుకునో, గాల్లో మడిచిన కాలి మడమ దగ్గరో ఉండొచ్చు. ఆ మడిచిన కాలు కూడా గెంతు గెంతుకూ కాస్త జారుతూ ఉంటే పాప అలసిపోతోందని మాట లేకుండానే తెలుస్తుంది. పాప చూపు గడి గీత మీద ఉండాలి. కళ్లు, తల తర్వాతి గడి వైపు తిరిగిన నాలుగు ఫ్రేములకు ఒళ్లు కదలాలి.

జడను, గౌనును మొదటి విడతలో గీయనే గీయకండి. ఒళ్లు కదలిక కుదిరాక వేరే లేయరు మీద గీయండి. పాప లేస్తున్నప్పుడు జడ కిందికి సాగి ఉంటుంది, శిఖరం దగ్గర పైకి లేవడం మొదలవుతుంది. పాదం నేలను తాకిన ఫ్రేములో అది ఇంకా గాల్లోనే ఉండి, రెండు నుంచి నాలుగు ఫ్రేముల తర్వాత వీపు మీద పడుతుంది. ముందు మొదలు కదలాలి, కొస చివర రావాలి.

ఒక్క మాట: వయసు మార్చాలనిపిస్తే ఆట కూడా మార్చండి. ఒంటికాలి గెంతు సాధారణంగా నాలుగైదేళ్లకు గానీ పట్టుబడదు. రెండేళ్ల బుడతడికి కాళ్లు ఎడంగా, అడుగులు పొట్టిగా ఉండాలి, రెండు కాళ్లతో ఎగిరితే చాలు.

ప్రశ్న: క్రిటాలో ఆనియన్ స్కిన్ (అటూ ఇటూ ఉన్న ఫ్రేముల బొమ్మలను పలచగా చూపేది) ఆన్ చేశాను, గడిచిన బొమ్మ నీడ కనిపించడం లేదు. (వరంగల్)

జవాబు: మీరు బ్యాక్‌గ్రౌండ్ లేయరు మీదే గీస్తున్నారు. అందులో తెల్లరంగు నిండి ఉంటుంది, దాని వెనకున్నది కనిపించదు. కొత్త పెయింట్ లేయరు తీసుకుని దాని మీద గీయండి. తర్వాత ఫ్రేములు వరుసగా కనిపించే టైమ్‌లైన్‌లో ఆ లేయరు పేరు పక్కనున్న బల్బు గుర్తు నొక్కండి. గడిచిన బొమ్మలు ఎర్రగా, రాబోయే బొమ్మలు ఆకుపచ్చగా వస్తాయి. ఇటు రెండు, అటు ఒకటి చాలు. పది పది పెట్టుకుంటే అది బొమ్మ కాదు, ముగ్గు.

ఇంకో సంగతి. ల్యాప్‌టాప్ నెమ్మదైతే ప్లే చేసేటప్పుడు క్రిటా ఫ్రేములు వదిలేస్తుంది, లేదా నిదానంగా ఆడిస్తుంది. అది చూసి టైమింగ్ దిద్దితే బాగున్నది పాడవుతుంది. చిత్తు బొమ్మలను 1280×720లో గీయండి. 1920×1080లో నిండా రంగున్న ఒక్క బొమ్మకే 8 ఎంబీ దాకా పడితే, ఇందులో 4 ఎంబీ లోపే. తీర్పు మాత్రం క్రిటాలోని రెండర్ యానిమేషన్ ఆదేశంతో వీడియో తీసి, అది చూశాకే చెప్పుకోండి.

ప్రశ్న: ఫోన్‌లో పిల్లల ఆట తీసి దాని మీద గీస్తే తప్పా? ఫ్రేములు ఎలా ఎంచుకోవాలి? (బెంగళూరు)

జవాబు: తప్పేం లేదు. అమెరికా యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ ఇలా తీసిన దృశ్యం మీద గీసే రోటోస్కోప్ పద్ధతికి 1915లోనే పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అయితే ఉన్నదున్నట్టు గీత మీద గీత వేస్తే బరువు పోతుంది, గీతలు వణుకుతాయి. వీడియో నుంచి సమయాన్నీ భంగిమనూ తీసుకోండి, గీత మీది కావాలి.

సెకనుకు 30 ఫ్రేముల వీడియో తీయకండి. సెకనుకు 12 బొమ్మలు కావాలంటే ప్రతి రెండున్నర ఫ్రేములకు ఒకటి తీసుకోవాల్సి వస్తుంది, కుదరదు. 60లో తీస్తే ప్రతి ఐదో ఫ్రేము సరిపోతుంది. స్లో మోషన్ 240లో అయితే ప్రతి ఇరవయ్యోది. పాదం నేలను వదిలిన క్షణం, తాకిన క్షణం ఆ ఐదో ఫ్రేములో పడకపోతే ముందూ వెనకా వెతికి అసలు ఫ్రేమునే తీసుకోండి, మిగతావి దానికి తగ్గట్టు జరపండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే కీబోర్డు మీద ‘ఇ’ మీట నొక్కినప్పుడల్లా ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది.

ఎండలో తీయండి. వెలుగు చాలకపోతే పాదాలు మసకబారతాయి, సరిగ్గా మీకు కావాల్సినవి అవే. ఫోన్‌ను పిల్ల నడుము ఎత్తులో, మూడు నాలుగు మీటర్ల దూరంలో పక్కనుంచి కదలకుండా నిలపండి. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దదై కాళ్లు కురచబడతాయి. పక్కింటి పిల్లయితే వాళ్ల అమ్మానాన్నలను అడిగి తీయండి, పని కాగానే తుడిచేయండి.

ప్రశ్న: పెన్ ట్యాబ్లెట్ కొనే స్తోమత లేదు. కాగితం మీద నేర్చుకోవచ్చా? (శ్రీకాకుళం)

జవాబు: నిజానికి గెంతు లాంటివి కాగితం మీదే త్వరగా వస్తాయి. ఆఫీసుల్లో వాడే రెండు రంధ్రాల పంచ్ తెచ్చుకోండి. దాని రంధ్రాల మధ్య దూరం 80 మిల్లీమీటర్లు, వెడల్పు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే దూరంలో, రంధ్రంలో వదులు లేకుండా పట్టే రెండు గుండ్రటి పుల్లలను స్కేలు మీద అతికిస్తే పెగ్ బార్ (కాగితాలు జరగకుండా పట్టే పట్టీ) అయినట్టే. జిరాక్స్‌కు వాడే 75 జీఎస్‌ఎం ఏ4 కాగితాలు చాలు. పెగ్ బార్‌ను కిటికీ అద్దం మీద టేపుతో అతికించి, పగటి వెలుగులో గీస్తే కింది రెండు బొమ్మలు తెలుస్తాయి. పెగ్ బార్ కింది వైపు ఉంటేనే కాగితాలను వేళ్ల మధ్య పట్టుకుని తిరగేస్తూ కదలిక చూసుకోగలరు. ప్రతి కాగితం కుడి మూల ఫ్రేము నంబరు రాయండి, ఒకసారి కింద పడి కలిసిపోతే పూట పోతుంది.

ఫోన్‌ను రెండు పుస్తకాల దొంతరల మీద అడ్డంగా పెట్టి, కెమెరాను ఫోకస్, వెలుగు మారకుండా లాక్ చేసి ఒక్కో కాగితాన్నీ ఫోటో తీయండి. ఏదైనా స్టాప్ మోషన్ యాప్‌లో వేగం 12కు పెట్టి చూడండి. 15వ బొమ్మకు ఒక్క ఫ్రేము కావాలన్నాం కదా, దానికి యాప్ వేగం 24 చేసి మిగతా ఫోటోలన్నీ రెండేసి సార్లు, ఆ ఒక్కటి ఒకసారి, 16వ బొమ్మ మూడుసార్లు పెట్టండి.