స్కోరు 95, కాగితం మీద తడబాటు

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. ఏడాదిగా ఇంట్లోనే చదివిస్తున్నాం, లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్ అన్నీ ఒకే ఆన్‌లైన్ కరికులమ్‌లో. రోజూ గంటన్నరలో ముగించేస్తాడు, క్విజ్‌లలో 90కి తగ్గడు. మొన్న వాళ్ల నాన్న కాగితం మీద 1/3 + 1/4 ఎంత అని అడిగితే కాసేపు నీళ్లు నమిలి 2/7 అని రాశాడు. ఆ చాప్టర్‌లో వాడి స్కోరు 95 శాతం! కోర్సు మార్చాలా, లేక బడిలో వేసేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే ఏదీ మార్చకండి. రేపు ఒక్కరోజు బాబు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, ఏమీ అనకుండా, క్విజ్ చేస్తున్నంతసేపూ వాడి చూపు, చెయ్యి ఎటు పోతున్నాయో గమనించండి. మా అమ్మాయి విషయంలో నేను ఆ పని ఆరు నెలలు ఆలస్యంగా చేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నేను గ్రీన్ టిక్‌లు చూసి మురిసిపోతుంటే, తను ప్రశ్న పూర్తిగా చదవకుండానే ఆప్షన్ల మీదికి వెళ్లిపోయేది. తప్పయితే హింట్ తెరిచి, అందులో చేసి చూపించిన లెక్కలో అంకెలు మార్చి మళ్లీ కొట్టేది. టిక్ పడేది. అది మోసం కాదు, పాపం. సరైన గడి నొక్కమన్నారు, నొక్కింది.

నాలుగు ఆప్షన్లుంటే గుడ్డిగా నొక్కినా సగటున 100కి 25 తగులుతాయి. పొంతన లేని రెండింటిని తీసేస్తే మిగిలేది సగానికి సగం ఛాన్స్. పైగా వీడియో అయిన వెంటనే క్విజ్ వస్తుంది కాబట్టి విన్నది ఇంకా చెవిలోనే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇలాంటిదే చూశారు. పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. అదే వారం తర్వాత పెడితే, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయడం ప్రాక్టీస్ చేసినవాళ్లు వాళ్లను దాటేశారు. అందుకని అదే రోజు వచ్చిన 95ని నేనైతే లెక్కలోకి తీసుకోను. వారం తర్వాత కాగితం మీద ఎంత వచ్చిందో అదే వాడి స్కోరు.

ఇక ఆ 2/7 సంగతి. పైవి పైవి, కిందవి కిందవి కలిపేశాడు, చాలామంది పిల్లలు చేసేదే. తప్పని చెప్పి వదిలేయకండి, మళ్లీ అదే వీడియో కూడా పెట్టకండి. 12 సెంటీమీటర్ల పొడవు కాగితం ముక్క కత్తిరించి ఇవ్వండి. దాంట్లో మూడో వంతు స్కేలు పెట్టి గుర్తు పెట్టమంటే 4 సెంటీమీటర్లు వస్తుంది, దాని పక్కనే నాలుగో వంతు, అంటే ఇంకో 3. మొత్తం 7, అంటే 7/12. ఇప్పుడు వాడు చెప్పిన 2/7 అదే కాగితం మీద ఎక్కడికొస్తుందో కొలవమనండి, మూడున్నర కూడా రాదు. నాలుగుకి ఇంకొంత కలిపితే తగ్గిందేమిటని వాడే తల గోక్కుంటాడు. ఆ క్షణంలో మీరు మాట్లాడకండి, దయచేసి! హారాలు ఎందుకు సమానం చేయాలో అప్పుడు వాడే అడుగుతాడు, అడిగాక వీడియో పెడితే చెవికెక్కుతుంది.

రోజువారీగా అయితే కోర్సు చెప్పిన స్పీడులో వెళ్లకండి. వీడియో మధ్యలో ఆపి తర్వాతి స్టెప్ వాడినే వేయమనండి, క్విజ్‌కి ముందు జవాబు నోట్‌బుక్‌లో రాశాకే ఆప్షన్లు చూడాలని పెట్టుకోండి. శుక్రవారం కొత్త పాఠం వద్దు, పోయిన వారంవి ఐదు, పోయిన నెలవి ఐదు లెక్కలు స్క్రీన్ లేకుండా. గంటన్నర కాస్తా రెండు గంటలవుతుంది, చాప్టర్లు వెనకబడతాయి, కానివ్వండి. రెండు నెలలు ఇలా చేశాక కూడా వీడియోల్లో చెప్పిన విధానమే వాడికి అర్థం కావట్లేదనిపిస్తే అప్పుడు కోర్సు మార్చండి, అదీ లెక్కలకు మాత్రమే. అన్నీ ఒకే చోట కొనాలని రూలేం లేదు. బడి గురించి అప్పటిదాకా నిర్ణయం వద్దు, బడికి వెళ్లే పిల్లలు కూడా 2/7 రాస్తారు.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు. అన్నయ్యని చూసి తనకీ అలాంటి కోర్సు కావాలంటోంది. పెట్టించవచ్చా?

జవాబు: పెట్టించండి, కానీ ఆ పాఠం ముందు మీరు చూడండి. పది వరకు లెక్కపెట్టడం ఉంటే గింజలతోనో గుండీలతోనో చేయించి, స్క్రీన్ చివర్లో పది నిమిషాలు ఇస్తే చాలు. అక్షరాలు మాత్రం పెన్సిల్‌తోనే దిద్దించండి, వేలితో గీత లాగితే పట్టు రాదు.