నాకినా ఫర్వాలేని స్లైమ్

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. స్లైమ్ (సాగదీసి ఆడుకునే జిగట ముద్ద) అంటే ప్రాణం. కానీ ఏది దొరికినా నోట్లోకే. క్యాండీతో తినే స్లైమ్ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చండి. మామూలు స్లైమ్‌లో జిగురు, చాలాసార్లు బోరాక్స్ అనే రసాయనం ఉంటాయి. అవి కడుపులోకి పోకూడదు కాబట్టి మీ టెన్షన్ న్యాయమైనదే. చిన్నపిల్లల క్లాసులో నేను గమ్మీ క్యాండీతోనే (నమిలితే సాగే మెత్తటి మిఠాయి) చేస్తాను. కప్పు గమ్మీలను మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. ఈ పని పెద్దవాళ్లదే. కరిగిన చక్కెర చర్మానికి అంటుకుని వదలదు, లోతుగా కాలుతుంది. గోరువెచ్చగా అయ్యాక రెండేసి చెంచాల కార్న్‌ఫ్లోర్, చక్కెర పొడి కలిపి, చేతికి నూనె రాసుకుని పిసకండి. మొదట వేళ్లకు బంకలా పట్టేస్తుంది. కంగారుపడి పిండి గుమ్మరించకండి, పొడిబారి తునిగిపోతుంది. చిటికెడు చిటికెడు చల్లుతూ పోతే ఒక్కసారిగా చేతిని వదిలి, పట్టు దారంలా మెరుస్తూ సాగుతుంది. పిల్లల కళ్లు విప్పారేది అప్పుడే!

ఇది సాగేది గమ్మీల్లోని జెలటిన్ వల్ల. అది జంతువుల నుంచి వస్తుంది, శాకాహారులైతే ప్యాకెట్ చూసుకోండి. జెలటిన్ బదులు పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసిన గమ్మీలు అంతగా సాగవు.

తినగలిగేదైనా ఇది తిండి కాదు. ఇందులో ఉన్నది పచ్చి పిండి, బోలెడు చక్కెర. నాకితే ఫర్వాలేదు, ముద్దలు మింగనివ్వకండి, గొంతుకు అడ్డంపడొచ్చు. పక్కనే కూర్చోండి. చల్లారి గట్టిపడితే వేడినీళ్ల గిన్నె మీద కాసేపు ఉంచండి, మళ్లీ మెత్తబడుతుంది. ఆ రోజుకే వాడి పారేయండి.