కోశాధికారి మారినా మారని ఫోన్ నంబరు

ప్రశ్న: మా క్లబ్బు కోశాధికారి మనస్పర్థల వల్ల ఏడాది మధ్యలోనే తప్పుకున్నారు. బ్యాంకు ఖాతా, చందాలు వసూలు చేసే పేజీ, జమాఖర్చుల స్ప్రెడ్‌షీట్ అన్నీ ఆయన సొంత ఈమెయిల్‌తో, ఫోన్ నంబరుతోనే ఉన్నాయి. పాస్‌వర్డ్‌లు మార్చేశాం. ఓటీపీ కావలసినప్పుడు ఫోన్ చేస్తే చెబుతున్నారు. మొన్న సమావేశంలో స్పీకర్ పెట్టి మరీ రాసుకున్నాం. కొత్త ఎన్నికల దాకా ఇలా నడిపించవచ్చా? – ఒక కార్యదర్శి

జవాబు: నడిపించకూడదు. సంఘం పేరు మారుతుందే తప్ప ఇదే ఉత్తరం నాకు తరచుగా వస్తూనే ఉంటుంది, దాదాపు అందరూ పాస్‌వర్డ్ మార్చాం కదా అని నిశ్చింతగా ఉంటారు. 'పాస్‌వర్డ్ మరిచిపోయారా?' అన్న మీట నొక్కినప్పుడు సందేశం ఎవరి ఫోన్‌కు, ఎవరి ఈమెయిల్‌కు వెళుతుందో వారే ఆ ఖాతాకు అసలు యజమాని. పైగా కొన్ని సేవల్లో పాస్‌వర్డ్ మార్చినా, అప్పటికే తెరిచి ఉన్న లాగిన్లు మూతపడవు. అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయించే ఏర్పాటును విడిగా వెతికి వాడుకోవాలి.

చందాల పేజీలోకి లాగిన్ కావడానికి, ఎస్సెమ్మెస్ ఓటీపీకి బదులు ఫోన్‌లోనే కోడ్లు పుట్టించే యాప్ వాడుతుంటే అక్కడా ఇదే చిక్కు. 2011లో ప్రమాణంగా వెలువడిన ఆ పద్ధతిలో, మొదట స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లోని రహస్య సంకేతాన్ని గడియారపు సమయంతో కలిపి, సాధారణంగా 30 సెకన్లకొకసారి కొత్త కోడ్ తయారు చేస్తారు. దానికి నెట్ కూడా అక్కర్లేదు. కనుక మీరు పాస్‌వర్డ్‌ను పదిసార్లు మార్చినా పాత ఫోన్‌లో సరైన కోడ్లే వస్తుంటాయి. ఆ ధ్రువీకరణను పూర్తిగా తొలగించి, కొత్త క్యూఆర్ కోడ్‌తో మళ్లీ మొదలుపెట్టండి. ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి ముందే ఇచ్చి ఉంచే పాత బ్యాకప్ కోడ్లనూ రద్దు చేయండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మాత్రం మీరు తేలిగ్గా రాసేసిన ఆ స్పీకర్ ఫోన్ సంగతి. ఎవరికీ చెప్పవద్దని రాసి ఉన్న సందేశంలోంచే ఆయన ఆరంకెలు చదివారు, గదిలో ఉన్నవారంతా విన్నారు. అడగగానే చెప్పడం ఆయనకు అలవాటైపోతే, రేపు కార్యదర్శి పేరు చెప్పుకొని మరెవరో ఫోన్ చేసినప్పుడు ఆయన దేన్ని బట్టి అనుమానించాలి? డబ్బు పోయాక, కోడ్ ఆయన నంబరుకే వెళ్లినట్లు రికార్డు చూపిస్తుంది. ఇప్పటికే మాటామాటా పెరిగిన చోట ఆ నింద ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. ఆయన విసిగిపోయి ఆ నంబరునే వదిలేసుకుంటే, కొంతకాలానికి అది మరొకరికి కేటాయింపు కావచ్చు, అప్పుడు మీ క్లబ్బు ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషికి చేరతాయి.

అలాగని ఆయన లాగిన్‌తో లోపలికి వెళ్లి నంబరు మీరే మార్చేయకండి. అది మరో వివాదానికి దారి తీస్తుంది. కార్యవర్గ తీర్మానం, కొత్త సంతకందారుల గుర్తింపు పత్రాలు తీసుకుని బ్యాంకుకే వెళ్లండి. ఆ మార్పు పూర్తయ్యే వరకు ఆన్‌లైన్ చెల్లింపులను నిలిపివేసి, చూడడానికి మాత్రమే అనుమతి ఇవ్వగలరేమో అడగండి.

ఇందులో తప్పంతా మీదే అనను. డబ్బుతో ముడిపడిన యాప్‌లలో చాలావాటిని ఒక ఖాతాకు ఒక మనిషి, ఆ మనిషికి ఒక ఫోన్ అన్న ఊహతోనే తయారు చేస్తున్నారు. పదవి ఉంటుందని, అందులోకి మనుషులు వస్తూ పోతూ ఉంటారని ఆ రూపకర్తలకు తట్టినట్లే లేదు. ఒకరు చెల్లింపు నమోదు చేస్తే మరొకరు ఆమోదించే సదుపాయాన్ని పెద్ద వ్యాపారాల కోసం దాచిపెట్టి, చిన్న సంఘాలకు ఒకే నంబరు పట్టే గడి చూపించడం సోమరితనం. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మీటల రంగులు మారుతున్నాయి, ఆ గడి మాత్రం అలాగే ఉంటోంది.

ఇక స్ప్రెడ్‌షీట్. దానికి కాపీ తీసుకుంటే అంకెలు వస్తాయి, ఎవరు ఏ గడిని ఎప్పుడు మార్చారన్న చరిత్ర సాధారణంగా రాదు. పేచీ వచ్చేది ఆ చరిత్ర దగ్గరే కాబట్టి, అసలు ఫైలు యాజమాన్యాన్నే క్లబ్బు పేరుతో తెరిచిన ఈమెయిల్‌కు బదిలీ చేయమని ఆయనను మర్యాదగా, రాతపూర్వకంగా కోరండి. ఆ ఈమెయిల్‌కు రికవరీ మార్గాలుగా ఇద్దరు పదాధికారుల వివరాలు పెట్టండి. బదిలీ జరిగిన రోజు బ్యాంకు నిల్వను, స్ప్రెడ్‌షీట్ నిల్వను పక్కపక్కన రాసి, తేడా ఉంటే తేడాగానే చూపించి, తేదీ వేసి ఇరుపక్షాలూ సంతకాలు చేయండి. ఆ తేదీ తరువాతి లావాదేవీలకు తనకు సంబంధం లేదని ఆయన చూపించుకోవలసి రావచ్చు కనుక, ఆ కాగితం ప్రతి ఒకటి ఆయనకూ ఇవ్వండి.