మొదటి కాన్పులో బీపీ వచ్చింది.. ఇప్పుడు గుండె జబ్బు మాత్ర వేసుకోమంటున్నారు, వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. మొదటి కాన్పులో ఎనిమిదో నెలలో బీపీ బాగా పెరిగి, 33 వారాలకే ఆపరేషన్ చేసి బాబును తీశారు. మూడు వారాలు ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు వాడికి మూడేళ్లు, బాగానే ఉన్నాడు. నాకు మళ్లీ గర్భం వచ్చింది, పదో వారం నడుస్తోంది. ఈసారి డాక్టరమ్మ 12వ వారం నుంచి రోజూ రాత్రి ఎకోస్ప్రిన్ 150 వేసుకోమని రాశారు. స్టెంట్ వేయించుకున్న మా మామయ్య గారు వాడేదీ ఆ మాత్రే. 'గుండె జబ్బు మాత్ర కడుపుతో ఉన్నదానికి ఎందుకు? రక్తం పలచబడి గర్భం పోతుంది' అని ఇంట్లో అంటున్నారు. మెడికల్ షాపతను కూడా 75 చాలన్నాడు. మా అమ్మేమో ఉప్పు లేకుండా చప్పిడి కూడు పెడుతోంది. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుంటే సరిపోదా? మళ్లీ అలాగే అవుతుందేమోనని ఒకటే టెన్షన్. దయచేసి చెప్పండి.
– ఒక పాఠకురాలు

సలహా: మాత్ర వేసుకోండమ్మా. మీ డాక్టరమ్మ రాసిన మోతాదు, చెప్పిన వేళ, మొదలుపెట్టమన్న వారం మూడూ సరిగ్గానే ఉన్నాయి. ఇంట్లో వాళ్ల భయం తీరేలోపు 16వ వారం దాటిపోకూడదన్నదే నా ఆందోళన. ఈ మాత్ర విషయంలో ఆలస్యమైతే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఎందుకో చెబుతాను. మీకు బీపీ ఎనిమిదో నెలలో బయటపడింది కాబట్టి జబ్బు అప్పుడే మొదలైందని అనుకుంటాం. నిజానికి దానికి బీజం మూడో నెల, నాలుగో నెలల్లోనే పడుతుంది. ఆ రోజుల్లో మాయలోని కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. పిల్ల కాలువను తవ్వి పెద్ద కాలువ చేసినట్టన్న మాట. కొందరిలో ఈ పని సగంలోనే ఆగిపోతుంది. బిడ్డ చిన్నగా ఉన్నన్నాళ్లూ ఆ కొద్దిపాటి రక్తంతో నెట్టుకొస్తుంది. ఏడో నెల వచ్చేసరికి బిడ్డ అవసరం పెరుగుతుంది, మాయ తట్టుకోలేదు. దాని నుంచి వెలువడే కొన్ని పదార్థాలు తల్లి రక్తంలో కలిసి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, కాలేయం, కిడ్నీలు దెబ్బతినడం అన్నీ అక్కడి నుంచే. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటాం. ముదిరి ఫిట్స్ వస్తే పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవారు.

ఎకోస్ప్రిన్‌లో ఉండే మందు ఆస్పిరిన్. చిన్న మోతాదులో ఇస్తే అది రక్తకణాలు అతుక్కోవడాన్ని, రక్తనాళాలు బిగుసుకోవడాన్ని తగ్గిస్తుంది. మీ మామయ్య గారి స్టెంట్ మూసుకుపోకుండా చూసేదీ, మీ మాయలో రక్తం సాఫీగా పారేలా సాయపడేదీ ఈ గుణమే. మందు ఒకటే, అవసరాలు వేరు.

ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే చెప్పాలి. ఇంట్లో ఉంది కదా అని ఆయన షీటులోంచి తీసి వేసుకోకండి. గుండె రోగులకు ఇచ్చే వాటిలో పేరు చివర 'ఏవీ' అనో, 'గోల్డ్' అనో ఉన్న క్యాప్సూల్స్ ఉంటాయి. వాటిలో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ మందు, కొన్నింటిలో రక్తం గడ్డకట్టకుండా చూసే ఇంకో మందు కూడా కలిపి ఉంటాయి. అవి మీకు పనికిరావు. మీ షీటు మీద ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు అన్న ఒక్క మందు పేరే ఉండాలి.

ఇక 75, 150 గొడవ. గర్భిణులకు ఆస్పిరిన్ ఇవ్వడం కొత్తదేమీ కాదు. 1994లో వచ్చిన 'క్లాస్ప్' అనే పెద్ద పరిశోధనలో తొమ్మిది వేల మందికి పైగా గర్భిణులు పాల్గొన్నారు. అందులో ఇచ్చింది 60 మిల్లీగ్రాములు. లాభం అంతంతమాత్రంగానే కనిపించింది. దాంతో చాలామంది డాక్టర్లకు ఈ మందు మీద నమ్మకం సడలింది. 2017లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన ప్రొఫెసర్ కిప్రోస్ నికొలైడిస్ బృందం 'ఆస్ప్రే' ఫలితాలు ప్రకటించాక లెక్క మారింది. వాళ్లు మూడు మార్పులు చేశారు. మోతాదు 150కి పెంచారు. 11 నుంచి 14 వారాల మధ్యే మొదలుపెట్టారు. రాత్రి పూట వేసుకోమన్నారు. ముప్పు ఎక్కువున్న 1,776 మందిని తీసుకుని సగం మందికి ఆస్పిరిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 37 వారాలలోపే కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం మందికే వచ్చింది. అంటే దాదాపు 60 శాతం తగ్గింది. మీకు రాసింది అచ్చంగా ఈ పద్ధతే. 75 మిల్లీగ్రాములు ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు, అది తప్పని అనను. కానీ 33 వారాలకే కాన్పు చేయాల్సి వచ్చిన మీలాంటి వారికి నేనైతే 150 మిల్లీగ్రాములే రాస్తాను. షాపులో అబ్బాయి మాట విని సగానికి తగ్గించకండి.

ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి తేలింది. మాత్రల్లో 90 శాతం పైగా మానకుండా వేసుకున్నవారికి లాభం ఎక్కువ. మధ్యమధ్యలో మానేసినవారికి బాగా తక్కువ. మా ఓపీలో నేను చూసేదీ ఇదే. 'వేసుకుంటున్నానండీ' అంటారు, షీటు చూపించమంటే పది మాత్రల్లో ఆరు అలాగే ఉంటాయి. ఎవరో ఏదో అన్నారని రెండు రోజులు ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు రెండు కలిపి మాత్రం వద్దు. మాత్రను నమలకుండా, పొడి చేయకుండా మింగాలి. పైనున్న పూత కడుపులో మంట రాకుండా ఉండటానికే.

గర్భం పోతుందన్న భయం గురించి. చిన్న మోతాదు ఆస్పిరిన్ వల్ల అబార్షన్లు పెరిగినట్టు ఈ పరిశోధనల్లో కనిపించలేదు. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన మనకు ఇంకా దగ్గరిది. కర్ణాటకలోని బెళగావి, మహారాష్ట్రలోని నాగ్‌పూర్‌తో పాటు పాకిస్తాన్, కెన్యా, జాంబియా, కాంగో, గ్వాటెమాలాల్లో తొలిచూలు గర్భిణులు దాదాపు 12 వేల మందిపై చేశారు. 81 మిల్లీగ్రాముల మాత్రను ఆరో వారం నుంచి పదమూడో వారం లోపే మొదలుపెట్టారు. నెలలు నిండకముందే జరిగే కాన్పులు 13.1 శాతం నుంచి 11.6 శాతానికి తగ్గాయి. తల్లుల్లో రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. స్వీడన్‌లో కాన్పుల రికార్డులు పరిశీలించినప్పుడు మాత్రం ఆస్పిరిన్ వాడినవారిలో కాన్పు సమయంలో, ఆ తర్వాత రక్తస్రావం కొద్దిగా ఎక్కువ కనిపించింది. అందుకే సాధారణంగా 36 వారాలకు ఆపేయిస్తాం. ఏ రోజు ఆపాలో మీ డాక్టరమ్మ చెబుతారు, మీరే ముందు ఆపకండి.

అయితే ఈ మాత్ర అందరికీ కాదు. ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవారు, దద్దుర్లు వచ్చేవారు, కడుపులో పుండ్లు ఉన్నవారు ముందే చెప్పాలి. ఇంకొకటి, మన ప్రాంతంలో తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది. వానాకాలంలో గట్టి జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్‌ను కలిసి ఆస్పిరిన్ వేసుకుంటున్నట్టు చెప్పండి. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు ఈ మాత్ర ఆపాల్సి ఉంటుంది. జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ వాడొచ్చు. డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఇప్పుడు మీ అసలు భయం. మళ్లీ వస్తుందా? 28 నుంచి 34 వారాల మధ్య ప్రీఎక్లాంప్సియాతో కాన్పు అయినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి మరుసటి గర్భంలోనూ వస్తుంది. మిగతా ఇద్దరికి రాదు. వచ్చినా చాలామందిలో మొదటిసారి కంటే ఆలస్యంగా వస్తుంది. ఆస్పిరిన్ చేసే మేలు కూడా అక్కడే. నెలలు నిండకముందు వచ్చే జబ్బును అది బాగా తగ్గిస్తుంది. 37 వారాల తర్వాత వచ్చేదాన్ని పెద్దగా ఆపలేదు. ఆస్ప్రేలో ఆ తేడా 7.2 శాతానికి 6.6 శాతమే. కాబట్టి మాత్ర వేసుకుంటున్నాను కదా, నాకింక బీపీ రాదని తొమ్మిదో నెలలో చెకప్‌లు మానేస్తే పొరపాటు. ఆ నెలలోనే ఇంకా గట్టిగా చూసుకోవాలి.

మీ అమ్మగారికి చెప్పండి, చప్పిడి కూడు అవసరం లేదు. ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా రాదనడానికి ఆధారం లేదు. తిండి సహించక మీరు తగ్గిపోతారు, అంతే. రోజుకో గిన్నెడు ఆవకాయ తినమని కాదు, ఇంట్లో అందరూ తినే కూర తినండి. మంచం మీదే పడుకోబెట్టడం కూడా ఈ జబ్బును ఆపదు.

మన దగ్గర ఉప్పు గురించి ఉన్నంత పట్టింపు కాల్షియం గురించి ఉండదు. తిండిలో కాల్షియం తక్కువున్న చోట ఆ మాత్రలు ప్రీఎక్లాంప్సియాను తగ్గిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు చెప్పింది. అన్ని మాత్రలు ఎవరు మింగుతారు? ఆ ప్రశ్నకే బెంగళూరులో, టాంజానియాలో ఒక్కోచోట 11 వేల మంది తొలిచూలు గర్భిణులపై పరిశోధన చేశారు. ఫలితాలు 2024 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. బెంగళూరులో రోజుకు 500 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో 3 శాతం మందికి, 1,500 వేసుకున్నవారిలో 3.6 శాతం మందికి ప్రీఎక్లాంప్సియా వచ్చింది. తేడా లేనట్టే. మన ప్రభుత్వ కార్యక్రమంలో 14వ వారం నుంచి 500 మిల్లీగ్రాములవి రోజుకు రెండు ఇస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చే డబ్బాను అటక మీద పెట్టకుండా వేసుకోండి. ఏ రోజైనా ఒకటి తప్పిపోతే కంగారు పడకండి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు. ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం కాల్షియం, ఐరన్ వేరే పూట అని పెట్టుకుంటే సులువు.

బీపీ మిషన్ కొనుక్కోండి, మంచిదే. చేతి మణికట్టుకు కట్టేది కాదు, భుజం కింద కట్టే పట్టీ ఉన్నది తీసుకోండి. ఐదు నిమిషాలు కదలకుండా వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూసుకోవాలి. ఫోన్ మాట్లాడుతూ చూసుకుంటే ఎక్కువ చూపిస్తుంది. కానీ ఇంట్లో చూసుకున్నంత మాత్రాన బీపీ ముందే పట్టుబడుతుందని అనుకోకండి. బ్రిటన్‌లో ముప్పు ఎక్కువున్న రెండు వేల మందికి పైగా గర్భిణులపై దీన్నే పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఇంట్లో చూసుకున్నవారికీ, మామూలుగా చెకప్‌లకు వెళ్లినవారికీ బీపీ బయటపడే సమయంలో తేడా లేదు. మిషన్ చెకప్‌కు తోడు, చెకప్‌కు బదులు కాదు. మూత్రంలో ప్రొటీన్‌నూ, బిడ్డ ఎదుగుదలనూ మిషన్ చెప్పదు కదా.

పైన 140 గానీ, కింద 90 గానీ దాటితే ఆ రోజే ఫోన్ చేయండి. పైన 160 గానీ, కింద 110 గానీ దాటితే ఫోన్లతో కాలక్షేపం చేయకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి. బీపీ మామూలుగా ఉన్నా సరే, ఆగని తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం లాంటివుంటే రాత్రైనా బయల్దేరాలి. ఆ పక్కటెముకల కింద నొప్పిని గ్యాస్ నొప్పి అనుకుని ఇనో తాగి పడుకున్నవాళ్లను చూశాను. పాదాల వాపు ఒక్కటే అయితే చాలామంది గర్భిణులకు ఉండేదే.

ఒకవేళ బీపీ పెరిగినా చేతులెత్తేసే పరిస్థితి లేదు. నాగ్‌పూర్‌లోని రెండు ప్రభుత్వ ఆస్పత్రుల్లో 894 మంది గర్భిణులకు నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా మాత్రలు ఇచ్చి చూశారు. బాగా పెరిగిన బీపీ కూడా ఇంజెక్షన్ లేకుండానే నాలుగింట మూడొంతుల మందిలో, నిఫెడిపిన్‌తో 84 శాతం మందిలో, ఆరు గంటల్లో అదుపులోకి వచ్చింది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఉంది. 2002లో 33 దేశాల్లో పది వేల మందికి పైగా గర్భిణులపై చేసిన 'మాగ్‌పై' పరిశోధనలో అది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. ఇవేవీ ఖరీదైన మందులు కావు.

మీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. బాబు పుట్టాక మీ బీపీ పూర్తిగా తగ్గిందా? ఇప్పుడు ఎంత ఉంది? పదో వారంలోనే 140/90 ఉంటే అది గర్భం వల్ల వచ్చింది కాదు, ముందు నుంచే ఉన్న బీపీ. దానికి ఇప్పుడే మందు మొదలుపెట్టాలి. 2022లో వచ్చిన అమెరికా పరిశోధనలో అలా చేసినవారిలో తల్లీబిడ్డల ఇబ్బందులు తగ్గాయి, బిడ్డ బరువుకు నష్టం కలగలేదు. ఒకవేళ మీరు బీపీకి టెల్మిసార్టన్ లాంటి మాత్ర ఏదైనా వాడుతుంటే రేపే డాక్టరమ్మకు చెప్పండి. అది గర్భంలో వాడకూడదు, వేరేది రాస్తారు.

ఈసారి వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జ్ కాగితం పట్టుకెళ్లండి. అందులో ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు, బాబు బరువు ఉంటాయి. డాక్టరమ్మకు అవి మీ మాటల కంటే ఎక్కువ చెబుతాయి. కాన్పయ్యాక మొదటి వారం కూడా వదలొద్దు. బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఎక్కువగా పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే పుట్టింటికి వెళ్లిపోతుంటారు. మిషన్ వెంట తీసుకెళ్లండి. ఆ తర్వాత ఏడాదికోసారైనా బీపీ, షుగర్ చూపించుకోండి. ఈ జబ్బు వచ్చినవారికి ముందు ముందు బీపీ, గుండె జబ్బుల ముప్పు మిగతావారి కంటే ఎక్కువ.