కార్డు చిప్పు సంగతి వదలండి, ఆ తప్పు పేరు పట్టుకోండి

ప్రశ్న: మాది నరసన్నపేట. మావారి ఉద్యోగం వల్ల కిందటేడు దాకా విజయనగరంలో ఉండేవాళ్లం. అక్కడ ఒక పెద్ద సూపర్ మార్కెట్ వాళ్లు 2022లో నాకు మెంబర్‌షిప్ కార్డు ఇచ్చారు, కౌంటర్ దగ్గర మెషీన్‌కి ఆనిస్తే చాలు పాయింట్లు పడతాయి. 2024 మార్చిలో మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. పెద్దవాళ్ల డైపర్లు నెలనెలా ఆ షాపులోనే కొన్నాను. జూన్ 20న ఒక హోమ్ నర్సింగ్ ఏజెన్సీ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది (కార్డు ఇచ్చినప్పుడు నా పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారు, ఇందులోనూ అలాగే ఉంది). ఆ సాయంత్రమే ఫోన్. స్పీకర్‌లో ఉంది. "మంచం మీదున్న పెద్దావిడకి డైపర్లు మార్చడానికి మనిషిని పంపమంటారా" అన్నాడు. అత్తగారు విన్నారు. "నా గుట్టు ఊరంతా చాటింపు వేయించావా" అని ఆ రోజు నుంచి నాతో మాట మానేశారు. కాల్స్ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కార్డు పర్సులో ఉండగానే గుమ్మం దగ్గర మెషీన్లు చదివేస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. హైకోర్టులో ప్రైవసీ కేసు వేసి 25 లక్షలు అడగవచ్చా? విజయనగరం తిరగాలా? మా మేనల్లుడు ఆ షాపు బిల్లింగ్‌లోనే పనిచేస్తున్నాడు, కస్టమర్ల లిస్టు పెన్ డ్రైవ్‌లో తెచ్చిస్తానంటున్నాడు. నా తప్పు లేదని అత్తగారికి మీరైనా రాయండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పైన అచ్చయినదానికి నాలుగింతలు ఉంది. అందులో సగం మీ అత్తగారి అలక, పావు వంతు చిప్పు. బ్రాకెట్లో పెట్టి వదిలేసిన ఒక్క వాక్యంలో మాత్రం మీ కేసు మొత్తం ఉంది. ఆ తప్పు అక్షరం.

ఎందుకో చెబుతాను. రేపు షాపు తరఫు లాయరు లేచి అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఆవిడ అత్తగారు ఆసుపత్రిలో చేరారు, డిశ్చార్జ్ అయ్యారు, మందుల షాపుకి వెళ్లారు, ఫిజియోథెరపీ వాళ్లు ఇంటికి వచ్చారు, వీళ్లందరికీ ఆ ఫోన్ నంబరు తెలుసు. మరి లీకైంది మా దగ్గరే అని ఏమిటి రుజువు?" దీనికి జవాబు లేకపోతే మీ కన్నీళ్లతో వినియోగదారుల కమిషన్ చేసేదేమీ ఉండదు. ఆసుపత్రి కాగితాల మీద మీ పేరు సరిగ్గా ఉందనీ, ఆధార్‌లో, బ్యాంకులో, గ్యాస్ బుక్కులో సరిగ్గానే ఉందనీ, ప్రపంచంలో ఒక్క ఆ షాపు కంప్యూటర్లోనే తప్పుగా ఉందనీ చూపించగలిగితే, అదే తప్పుతో ఏజెన్సీ మెసేజ్ వచ్చిందంటే ఆ లిస్టు ఎక్కడి నుంచి బయల్దేరిందో వేరే చెప్పక్కర్లేదు. నా అనుభవంలో ఇలాంటి కేసులు ఈ ముక్క దగ్గరే చతికిలబడతాయి. మీకు అది అయాచితంగా దొరికింది. మీరేమో చిప్పు వెంట పడ్డారు.

ఆ చిప్పు సంగతి ఒకసారి తేల్చేసుకుందాం. ఆనించి వాడే కార్డులు మామూలుగా 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, మెషీన్‌కి కొన్ని సెంటీమీటర్ల దగ్గరికి వస్తేగాని పలకవు. మీటర్ల దూరం నుంచి చదివేది వేరే రకం, బట్టల షాపుల్లో స్టాకు లెక్కకి అట్టల వెనక అతికిస్తారే, ఆ తరహా ట్యాగులు. మీ కార్డు ఏ రకమో నిపుణుడు చూసి చెప్పాలి, కానీ ఏ రకమైనా ఇలాంటి కార్డులో సాధారణంగా ఉండేది ఒక నంబరే. ఆ నంబరు ఎవరిది, వాళ్ల ఫోన్ ఏది, ఏ నెల ఏం కొన్నారు అన్నదంతా షాపు సర్వర్లో ఉంటుంది. గుమ్మం దగ్గర చదివారని మీరు లక్షలు పోసి నిరూపించినా, ఏజెన్సీకి ఎవరిచ్చారన్న ప్రశ్న అక్కడే ఉంటుంది. కార్డుకి వంటింటి ఫాయిల్ కాగితం చుట్టి దాచానని రాశారు. అలా చుట్టుకుని వెళ్లి, కౌంటర్ దగ్గర క్యూలో నలుగురూ వినేలా పది అంకెల ఫోన్ నంబరూ మీరే చదివి చెబుతారు కదా!

ఇక చట్టం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చిన మాట నిజమే. కానీ ప్రాథమిక హక్కుని పట్టుకుని రిట్ (హైకోర్టులో నేరుగా వేసే పిటిషన్) వేసేది ప్రధానంగా ప్రభుత్వం మీద. సరుకులమ్మే ప్రైవేటు షాపు మీద రిట్ అంటూ అమరావతి దాకా వెళ్తే ఖర్చూ కాలమూ పోతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉందిగా అంటారు. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, షాపుల మీద బాధ్యతలు పెట్టే ముఖ్యమైన భాగం ఆ నోటిఫికేషన్ ప్రకారం పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తుంది. వచ్చాక కూడా అందులో వేసే జరిమానా ఎన్ని కోట్లయినా ప్రభుత్వ ఖజానాకి పోతుంది, మీ చేతికి పైసా రాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మీకు పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అందులో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల జాబితా. వినియోగదారుడు నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని, చట్టం ఒప్పుకున్న మేరకు తప్ప, ఇంకొకరికి వెల్లడించడం కూడా ఆ జాబితాలో ఉంది. మీ ఫిర్యాదు అక్షరాలా దీని కింద రాయాలి. ఒక జాగ్రత్త. 2022లో మీరు ఒక ఫారం మీద సంతకం పెట్టారు, చదవలేదని మీరే ఒప్పుకున్నారు, పోనీ ఫోటో అయినా తీసుకోలేదు. అందులో చిన్నక్షరాలతో "మా భాగస్వాములతో పంచుకుంటాం" అన్న వాక్యం ఉంటే షాపువాళ్లు దాన్నే అడ్డం పెట్టుకుంటారు. దానికి జవాబుగా "ఆ ఒప్పందమే అన్యాయం" అని రాయకండి. అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదులు వినేది రాష్ట్ర కమిషన్, ఆ మాట అసలు ఆరోపణగా పెడితే జిల్లా కమిషన్ ఇది మా పరిధి కాదని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. పాయింట్ల కోసం ఇచ్చిన నంబరు, ఇంట్లో ఒకరి ఆరోగ్యం బయటపడేలా మూడో మనిషి చేతికి వెళ్లింది, దానికి నేను ఒప్పుకోలేదు అని మాత్రమే రాయండి.

విజయనగరం తిరగక్కర్లేదు. పాత చట్టంలో ఆ బాధ ఉండేది, ఇప్పుడు ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట వేసుకోవచ్చు, మీకు శ్రీకాకుళం జిల్లా కమిషనే. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వాయిదాకి వీడియోలో హాజరవుతామని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి ఉండదు, సరుకులకి కట్టిన డబ్బుని బట్టి ఉంటుంది, అది 5 లక్షల లోపయితే ఫీజే లేదు. ఫీజు లేదు కదా అని 25 లక్షలు రాస్తే మాత్రం మీ మాట మీద నమ్మకం అక్కడే తగ్గుతుంది. నష్టం ఎలా జరిగిందో చూపించగలిగినంతే అడగండి, దాంతోపాటు సమాచారం పంచడం ఆపమని ఉత్తర్వు, ఖర్చులు.

ఇప్పుడు నాకు కోపం వచ్చిన విషయం. కాల్స్ ఇంకా వస్తున్నాయి కాబట్టి గడువు సమస్య లేదని మీ అన్నయ్యగారు చెప్పారట. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీ అసలు రుజువు 2024 జూన్ 20 నాటి మెసేజ్. 2026 జూన్ 20 దాటితే అవతలివాళ్లు ముందుగా పట్టుకునేది గడువునే, ఆ తర్వాత వచ్చిన కాల్స్‌లో మీ తప్పు పేరు లేదు, షాపుతో ముడిపడేదీ లేదు, వాటిని చూపించి గడువు సాగదీయలేరు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది, కానీ "అత్తగారు శాంతిస్తారని ఆగాం" అనేది తగిన కారణం కింద నిలవదు. పైగా టెలికాం కంపెనీలు కాల్ రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలన్నది లైసెన్సు షరతు, ఆ తర్వాత చెరిపేసినా అడిగేవాడు లేడు. అంటే మీ కేసు గడువూ, ఆ సాయంత్రం కాల్ వచ్చిందన్న రికార్డూ ఇంచుమించు ఒకే రోజున చేజారిపోతాయి. అందుకే ఫిర్యాదుతోపాటే ఆ రికార్డు తెప్పించమని పిటిషన్ వేయాలి. షాపు దగ్గరున్న మీ ఫారం, మీ పేరుతో ఉన్న ఎంట్రీ, ఏజెన్సీతో ఉన్న లావాదేవీలు కూడా అందులోనే అడగండి, పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కి సివిల్ కోర్టుతో సమానంగా ఉంది. ఏజెన్సీని రెండో ప్రతివాదిగా చేర్చండి. మీరు మా కస్టమరే కాదు అంటారు, అననివ్వండి, అప్పుడు సాక్షిగా సమన్లు అడగవచ్చు. లిస్టు ఎవరమ్మారో తెలిసింది వాళ్లకే.

మేనల్లుడి పెన్ డ్రైవ్ మాట ఇంకోసారి ఎత్తకండి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోంచి డేటా కాపీ చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది, దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కుర్రాడి ఉద్యోగం పోతుంది, మీరు చెప్పి చేయించారని మీ పేరూ చేరుతుంది, వేల మంది సమాచారం బయటికి తెచ్చినవాళ్లు అవతలివాళ్లు కాకుండా మీరే అవుతారు. గెలవాల్సిన కేసులో నిందితురాలిగా నిలబడతారు. ఈ పాటికే అతను ఏదైనా ఫోటో తీసి పంపి ఉంటే ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, ఫిర్యాదులో వాడకండి, లాయర్ని నేరుగా కలిసి చూపించండి.

ఇంకో పొరపాటు కూడా చేయబోతున్నారు. "నా వివరాలన్నీ వెంటనే తీసేయండి" అని షాపుకి మెయిల్ పెడతానని రాశారు. పెట్టారంటే ఆ తప్పు పేరున్న ఎంట్రీని మీరడిగారు కాబట్టే తీసేశాం అంటారు, మీ రుజువుని మీ చేత్తోనే చెరిపించినట్టవుతుంది. నోటీసులో అడగాల్సింది మూడు ముక్కలు: నా సమాచారం వాడటం ఆపండి, ఎవరెవరికిచ్చారో చెప్పండి, ఉన్న రికార్డు ఉన్నట్టే భద్రపరచండి. తొలగింపు కేసు తేలాక. నోటీసు తప్పనిసరి కాదు కానీ ఇవ్వండి, రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులో డెలివరీ రుజువుతో పంపి, ఆ కాగితం దాచండి. పదిహేను రోజులు చూసి జవాబు రాకపోతే దాఖలు చేయడమే, ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

దీపావళికి పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశారట! కాల్ లిస్టు, రికార్డింగులు దాంతోనే పోయాయి. కేసు వేయాలనుకునే మనిషి చేసే పనేనా? బ్యాకప్ వల్ల వాట్సాప్ మెసేజ్ కొత్త ఫోన్లోకి వచ్చింది కాబట్టి బతికిపోయారు. ఆ ఫోన్ రీసెట్ చేయకండి, చాట్ తీసేయకండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టి ఊరుకోకండి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రింటుతోపాటు ఎలక్ట్రానిక్ రుజువులకి జతచేసే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ పెట్టండి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అంత బిగించి చూడవు, అయినా అప్పీలుకి వెళ్తే అక్కడ వంక పెట్టకుండా ఇప్పుడే చేయించండి. బిల్లులు థర్మల్ కాగితం మీదివి, బీరువాలో పెట్టినా మెల్లగా అక్షరాలు వెలిసిపోతాయి. మిగిలినవాటికి ఈ రోజే జెరాక్స్ తీయించండి, ముఖ్యంగా కార్డు నంబరు, తప్పు పేరు, డైపర్లు మూడూ ఒకే బిల్లు మీద ఉన్నవి.

మీ అత్తగారికి ఉత్తరం రాయడం నా పని కాదు. కానీ ఆ సాయంత్రం స్పీకర్లో ఆ మాటలు స్వయంగా విన్న మనిషి మీరు కాక ఆవిడ ఒక్కరే. రికార్డింగ్ పోయింది కాబట్టి ఆవిడ అఫిడవిట్ లేకపోతే ఆ కాల్లో ఏమన్నారన్నదానికి మీ మాట ఒక్కటే మిగులుతుంది, కాల్ రికార్డు వస్తే ఫోన్ వచ్చిందని తెలుస్తుందిగాని మాటలు తెలియవు. ఆవిడ పెద్దావిడ, విన్నదేమిటో ఆవిడ మాటల్లోనే రాయించండి, మీ మాటలు నోట్లో పెట్టకండి. కదల్లేరు కాబట్టి నోటరీని ఇంటికే పిలవండి.

ఇక మీదట వచ్చే కాల్స్‌కి ఏడు రోజుల్లోపు అక్కర్లేని కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909కి ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. శ్రీకాకుళంలో ఏ షాపులోనైనా బిల్లుకి ఫోన్ నంబరు కావాలంటే ఇవ్వనని చెప్పండి, నంబరు కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే వ్యాపార సంఘాలకి సూచించింది. నంబరు ఇవ్వలేదని బిల్లే ఇవ్వకపోతే అదీ అనుచిత వ్యాపార పద్ధతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.